మెడ చూపించని మొగుడు

ఆదివారం పొద్దున భర్త తన మెడను చేతికి అప్పగించడం మానేసినప్పుడే చిన్నకోడలికి అనుమానం మొదలైంది.

అంతకుముందు ఆ ఇంట్లో అదొక పద్ధతి. టిఫిన్లయ్యాక అతను కిటికీ పక్కన కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చునేవాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, పిన్నీసు మొన స్టవ్ మంట మీద కాల్చి, అతని గడ్డం కింద ఎర్రగా లేచిన పొక్కుల్ని ఒక్కొక్కటిగా తవ్వేది. అతనిది మామూలు గడ్డం కాదు. గిన్నెలు తోమే స్టీలు పీచులా ముతకగా, మెలికలు మెలికలుగా ఉండేది. గీసేసిన వెంట్రుక పైకి మొలవాల్సింది పోయి, వెనక్కి తిరిగి చర్మంలోకే దూరేది. అలా లోపల ముడుచుకు పడుకున్నదాన్ని బయటికి లాగినప్పుడు కలిగే తృప్తి ఆమెకు ఇంకే పనిలోనూ దొరికేది కాదు. అతను “అబ్బా!” అనేవాడు. ఆమె “కదలకండి” అనేది. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఇంతకు మించిన సరసం ఏ ఇంట్లో ఉంటుందిలే అనుకునేది.

అలాంటిది ఆ ఆదివారం “ఇవాళ ఏం లేవులే” అంటూ అతను కాలరు పైకి లాక్కున్నాడు.

లేకపోవడమేమిటి? ఆ మెడ మీద ఎక్కడ ఏది లేస్తుందో అతనికన్నా ఆమెకే బాగా తెలుసు.

అసలే అవి మంచి రోజులు కావు. అతను కార్లకు రంగు కొట్టే షెడ్డులో పనిచేస్తాడు. స్ప్రే గన్ పట్టాడంటే తలుపు మీద రంగు పాల మీగడలా పరుచుకుంటుందని పేరు. ఈ మధ్య కొత్త సూపర్‌వైజర్ వచ్చి మాస్కు పరీక్ష అని ఒకటి మొదలుపెట్టాడు. మాస్కు తగిలించి, తల మీద ప్లాస్టిక్ ముసుగు దించి, అందులోకి చేదు మందు తుంపరలు కొడతారు. నాలుకకు చేదు తెలిసిందంటే మాస్కుకూ మొహానికీ మధ్య సందు ఉన్నట్టే. గడ్డం ఉంటే సందు. గడ్డం తీస్తే పొక్కులు. పొక్కుల మీద రబ్బరు ఒరుసుకుంటే మంటకు పట్టీ బిగించలేడు, బిగించకపోతే మళ్ళీ సందు. మొదటి పరీక్షలో అతను మొహం చిట్లించి బయటికొచ్చాడు. రెండోసారి కూడా తప్పితే గన్ పక్కన పెట్టి స్టోరులో డబ్బాలు మోసుకోమన్నారు.

ఆ మాట విన్నరోజే చిన్నకోడలు బజారుకెళ్ళి అయిదు బ్లేడ్ల రేజరు కొనుక్కొచ్చింది. వాడే విధానం కూడా తనే చెప్పింది. “చర్మాన్ని బాగా లాగి పట్టుకోండి. కింది నుంచి పైకి గీయండి. ఒకసారి అయ్యాక ఇంకోసారి. అద్దంలా ఉండాలి.” మొహం అద్దంలా ఉన్నది ఒక్క పూట. మర్నాటికి ముళ్ళకంపలో దొర్లినట్టు అయింది.

ఇప్పుడు చూస్తే ఆ రేజరు స్నానాలగదిలో ఎండిపోయి ఉంది. బ్లేడ్ల మధ్య సాలీడు గూడు పెట్టుకున్నా అడిగేవాడు లేడన్నట్టుంది. మొహమేమో రోజురోజుకూ తేటపడుతోంది. చీకటి విడవకముందే సంచీ భుజాన వేసుకుని “పనెక్కువగా ఉంది” అంటూ వెళ్ళిపోతున్నాడు. ఒకరోజు ఆ సంచీ దులిపితే లేత గులాబీ రంగు తువ్వాలు బయటపడింది. అంచుకు చేత్తో కుట్టిన లతలు. ఇంకా తడిగానే ఉంది. తమ ఇంట్లో అలాంటి తువ్వాలు లేదు. కొనేంత తీరికా, కుట్టేంత ఓపికా తనకు లేవు.

ఈ సంగతి పైవాటా ఆవిడ చెవిన పడకూడదనుకుంటూనే ఆవిడకు చెప్పేసింది.

“తువ్వాలు ఆడవాళ్ళదే” అని తేల్చేసింది పైవాటా ఆవిడ. “మొహం నున్నబడిందంటున్నావ్, పెందలాడే వెళ్తున్నాడంటున్నావ్. ఇంకా పప్పు ఉడికిందో లేదో మూత తీసి చూడాలా?”

“మా ఆయనకు అంత ధైర్యం లేదండీ.”

“ధైర్యం లేనివాళ్ళే తువ్వాళ్ళు దాచుకుంటారు. ధైర్యమున్నవాడు బాల్కనీలో ఆరేస్తాడు. పోనీ, మీవాళ్ళెవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో? వాళ్ళింటికి వెళ్తున్నాడేమో.”

“మా బావగారున్నారు. కానీ ఈయన ఆ అన్నగారింటికి వెళ్ళరు.”

వెళ్ళడని ఆమెకు గట్టి నమ్మకం. తోడికోడలితో మాటలు లేవు. అరువు తీసుకెళ్ళిన మిక్సీ జారు పగలగొట్టి ఇచ్చిందని ఈవిడ, పగిలినదే ఇచ్చి పంపిందని ఆవిడ. మాటా మాటా పెరిగి, జారును వదిలేసి పుట్టింటివాళ్ళ దాకా వెళ్ళారు. ఆ రాత్రి చిన్నకోడలు మొగుడి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుని, “ఆ గడప తొక్కితే నీ మీద ఒట్టే” అని అతని చేత అనిపించింది. అతను ఒట్టుకు భయపడే మనిషి. దగ్గు మందు తాగుతానని ఒట్టేసినా సీసా ఖాళీ అయ్యేదాకా తాగేస్తాడు.

రెండో పరీక్ష రోజు వచ్చింది. అతను బయటికి అడుగుపెట్టగానే చిన్నకోడలు చెప్పులేసుకుని వెనకే నడిచింది. దొరికితే ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. మొదట ఏడవాలా, అరవాలా అన్నది మాత్రం తేలలేదు.

అతను మెయిన్ రోడ్డు దాటాడు, పిండిమర సందులోకి తిరిగాడు. ఆమె అడుగు ఆగింది. ఆ సందు ఆమెకు తెలుసు. చివరనున్నది బావగారిల్లు.

నీళ్ళ ట్యాంకరు వెనక నిలబడి తొంగిచూసింది. ఇంకో ఆడదయినా బాగుండేది అనిపించింది ఒక్క క్షణం. అప్పుడు కనీసం తప్పు ఎవరిదో ఊరంతా ఒప్పుకునేది.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప బయట, మెట్టు కింద, రోడ్డు మీదే ప్లాస్టిక్ కుర్చీ. అందులో తన మొగుడు తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు, మొహం మీద ఆవిర్లు కక్కుతున్న తడి తువ్వాలు. లతల అంచుదే. పక్కన బస్సు డ్రైవరు యూనిఫారంలో బావగారు, చేతిలో గిన్నె, బ్రష్షు. గడప లోపలి నుంచి పెద్దకోడలు చెంబు అందిస్తోంది.

“ఇదిగో, వేణ్ణీళ్ళు. లోపలికి రాని దొరగారికి రోడ్డు మీదికే సప్లై.”

“ఏం చెయ్యను వదినా” అన్నాడు తువ్వాలు కింద నుంచి. “గడప తొక్కనని ఒట్టేశాను. కుర్చీ సంగతి అందులో లేదు.”

బావగారు తువ్వాలు తీసి, నురగ పట్టించి, తమ్ముడి గొంతు మీద వేళ్ళతో తడిమాడు. ఆ ఇంటి మగవాళ్ళ గడ్డాలన్నీ ఒకే అచ్చు. ఆయనా ఉద్యోగంలో చేరిన కొత్తలో మెడంతా పుళ్ళు చేసుకున్నవాడే. “ఇక్కడ సుడి ఉందిరా నీకు. నాకూ అంతే. కుడిపక్క కిందికి వాలింది, ఎడమపక్క చెవి వైపు తిరిగింది. వెంట్రుక ఎటు వాలితే బ్లేడు అటే పోవాలి. ఎదురు తోలావో, అయిపోయావ్. లాగి పట్టుకోవడం కూడా వద్దు, తెగిన ముక్క చర్మం కిందికి జారుకుంటుంది. ఒకటే బ్లేడు, ఒకటే గీత, చాలు. వేలికి కాస్త గరుకు తగిలితే తగలనీ.”

“మా ఆవిడ అద్దంలా ఉండాలంటుంది.”

“మీ ఆవిడ పిన్నీసుతో కూడా తవ్వుతుందటగా” అంది పెద్దకోడలు. “గడ్డమా, బొగ్గుగనా అది?”

ట్యాంకరు వెనక చిన్నకోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఆ సంగతి కూడా చెప్పేశాడన్నమాట. ఇంకేమేం చెప్పాడో!

“ఆవిడనేమీ అనకు వదినా. ప్రేమగానే చేస్తుంది. అందుకే చెప్పలేకపోయాను.”

ఇంతలో సందులోంచి గాలి ఈడ్చి కొట్టింది. బావగారు నురగను వేలితో తాకి చూసి విసుక్కున్నాడు. “మళ్ళీ ఆరిపోయింది. రోడ్డు మీద ఇదే గొడవ. ఆరిన నురగ మీద బ్లేడేస్తే పొడి గడ్డం గీసినట్టే. మొన్న ఎడమపక్క పొక్కులు లేచింది ఇందుకే. ఇవాళ లేచాయంటే మాస్కు బిగించలేవు, నీ గన్ ఇంకొకడి చేతిలో ఉంటుంది. లోపలికి రారా బాబూ!”

“ఒట్టు, అన్నయ్యా. ఆవిడ నెత్తిన చెయ్యేసి మరీ చెప్పాను. ఆవిడకేమైనా అయితే?”

“ఏమీ అవ్వదు” అంది పెద్దకోడలు. “నేను చూశాగా, గట్టి ఘటం.”

అతను నవ్వలేదు. చేతులు కుర్చీ పిడుల మీద బిగించి కూర్చున్నాడు. ఎడమ చెంప మీద నురగ సున్నంలా పెచ్చులు కడుతోంది. చిన్నకోడలికి అది స్పష్టంగా కనపడుతోంది. మంచి తగవు పెట్టుకుందామని వచ్చింది. అనాల్సిన మాటలన్నీ నోటి నిండా ఉన్నాయి. ఇప్పుడు నోరు తెరిస్తే ఈయన సగం గడ్డంతో లేచి, ఆ మొహంతోనే పరీక్షకు పోతాడు. పోయి, నాలుక మీద చేదుతో తిరిగొస్తాడు.

ట్యాంకరు చాటు నుంచి బయటికొచ్చింది.

“లేవండి.”

అతను ఎగిరిపడ్డాడు. నురగ ముద్ద బావగారి యూనిఫారం మీద పడింది. “గడప తొక్కలేదే! కావాలంటే అన్నయ్యనడుగు!”

“చూశాను. లేవండి అంటున్నా.”

“ఇంటికా?”

“లోపలికి. ఇక్కడ గాలి.” ఆమె ఎవరి మొహమూ చూడకుండా అంది. “ఒట్టు పెట్టించుకున్నది నేను, తీసేస్తున్నదీ నేనే. మీ చెయ్యి ఇలా ఇవ్వండి. ఆ, తీసేశాను. నాకేమైనా అయితే తర్వాత చూసుకుందాం. బావగారూ, ఆ నురగ కడిగేసి మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి.”

పెద్దకోడలు గడప మీద నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. “చెప్పులు పక్కకి విప్పు. ఇప్పుడే తుడిచాను” అంది.

“తుడిచినట్టు లేదే” అంది చిన్నకోడలు, విప్పుతూ.

గాలి రాని వంటగదిలో, గిన్నెల స్టాండు పక్కన గడ్డం పని సాగింది. నురగ ఈసారి మెత్తగా నిలబడింది. ఎడమపక్క బ్లేడు చెవి వైపు తిరుగుతుంటే చిన్నకోడలు మెడ సాచి, ఒక్క మాట మాట్లాడకుండా చూసింది. ఆమె మాట్లాడకపోవడంతో మగవాళ్ళిద్దరికీ చెమటలు పట్టాయి.

అన్నదమ్ములు తలో దారిన డ్యూటీకి పోయాక, ఆడవాళ్ళిద్దరూ వంటగదిలో మిగిలారు. పెద్దకోడలు టీ పెట్టింది. చక్కెర ఎంతో అడగలేదు, గుర్తున్నట్టుంది. గుర్తుందా, లేక కావాలనే తక్కువ వేసిందా అని చిన్నకోడలు మొదటి గుక్కను నోట్లోనే ఉంచుకుని ఆలోచించింది.

“ఆయన ఇంకేమేం చెప్పారు, నా గురించి?”

“చాలా.”

“ఏంటవి?”

“టీ తాగు. చల్లారిపోతుంది.”

మధ్యాహ్నం దాటాక చిన్నకోడలి ఫోను మోగింది. పెద్దకోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది, అడగకుండానే.

“చేదు తగల్లేదు!” అని అరిచాడతను అవతల. “పట్టీ చివరి దాకా బిగించాను. మంట లేదు, ఏమీ లేదు. రేపట్నుంచి మళ్ళీ గన్ నాదే.”

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. తెరిచింది. “నిజంగా తగల్లేదా? తగిలినా మింగేసి, లేదని చెప్పారా?”

“నాలుక మీద ఒట్టు.”

“మీ ఒట్లు నేను చూశాగా, కుర్చీలేసుకుని మరీ నిలబెడతారు. ఆ సూపర్‌వైజర్‌కివ్వండి ఫోను.”

అవతల గుసగుసలు, ఏదో డబ్బా పడ్డ చప్పుడు. తర్వాత ఒక మగగొంతు మర్యాదగా, “నమస్కారమమ్మా, మీవారు పాసయ్యారు” అంది. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఫోనుకు చెరో చెవీ ఆనించి విన్నారు.

ఫోను పెట్టేశాక పెద్దకోడలు గొంతు తగ్గించి అడిగింది.

“అది సూపర్‌వైజర్ గొంతేనంటావా?”