పొద్దు కుంకే దిక్కు

వనజాక్షి రాసిన ప్రేమకథలన్నీ గ్యాస్ స్టవ్ పక్కన మసాలా డబ్బాల అరలో పుట్టినవే. ఫోను అక్కడే ఆనించి పెట్టుకుంటుంది. పప్పు ఉడికేలోగా నాలుగు వాక్యాలు. కుక్కర్ మూడో కూతకి హీరో అలిగి వెళ్లిపోతాడు, పోపు వేగేసరికి తిరిగొస్తాడు. కూర్చుని రాయడం ఆమె చేత కాదు. కూర్చుంటే మూడేళ్ల సౌమ్య ఒళ్లోకి ఎక్కుతుంది. ఎక్కకపోతే ఇంకా భయం. పిల్ల ఎక్కడుందో, ఏం నోట్లో పెట్టుకుందో అని ప్రాణం కొట్టుకుంటుంది.

రాసింది కథల యాప్‌లో పెట్టేముందు ఒక పరీక్ష ఉంది. మధ్యాహ్నం అత్తగారు జోగమ్మ చింతపండు ఈనెలు తీస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో కూర్చుంటుంది. వనజాక్షి గుమ్మంలో నిలబడి గట్టిగా చదువుతుంది. జోగమ్మకి అక్షరం ముక్క రాదు, మెచ్చుకోవడం అసలే రాదు. కానీ మంచి ఘట్టం వస్తే ఆవిడ చేతులు ఆగిపోతాయి. ఆగకపోతే ఆ ముక్క చెరిపేసి మళ్లీ రాయాల్సిందే.

వనజాక్షి చదువు తొమ్మిదో తరగతి, అదీ హిందీ మీడియం. తెలుగు అక్షరాలు తల్లి గచ్చు మీద సుద్దముక్కతో నేర్పింది. ఏ మాట రాసినా రెండుసార్లు తడుముకునేది. అయినా ఆమె నవల 'కెరటం మీద పొద్దు' ముప్ఫై ఆరు భాగాలు పూర్తయ్యేసరికి యాప్‌లో పదకొండు వేలమంది చదివారు. ఆ తర్వాత విజయవాడ నుంచి ఒక ప్రచురణ సంస్థవాళ్లు, పుస్తకంగా వేస్తామని కబురు పెట్టారు. ఆ మెసేజీని ఆమె చాలా రోజులు ఎవరికీ చూపించలేదు, దిష్టి తగిలి ఎగిరిపోతుందన్నట్టు. భర్తకీ అత్తకీ మాత్రం చెప్పింది.

నవలలో బలరాం విశాఖపట్నం పోర్టులో క్రేను నడుపుతాడు. సాయిప్రియ బట్టల కొట్టులో పని చేస్తుంది. రోజూ సాయంత్రం కొట్టులో పని అయ్యాక సముద్రపు ఒడ్డున కలుస్తారు. ఎర్రటి పొద్దు మెల్లగా నీళ్లలోకి దిగుతుంటే మాట్లాడుకుంటారు. చివరి భాగంలో ఆ పొద్దు ఆఖరి ముక్క మునిగే క్షణాన బలరాం మనసులో మాట చెబుతాడు.

జులైలో ఒకరోజు సంపాదకురాలు లలితాంబ ఫోన్ చేసింది.

"వనజాక్షి గారూ, ప్రూఫులు చూస్తున్నాను. చిన్న సందేహం. మీరు విశాఖపట్నం చూశారా?"

"చూశానండి," అంది వనజాక్షి. "చిన్నప్పుడు."

"మరి పొద్దు సముద్రంలో ఎలా కుంకిందమ్మా? అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. మీరు పదకొండుసార్లు నీళ్లలో ముంచారు."

వనజాక్షి చేతిలో గరిటె మూకుట్లోనే ఉండిపోయింది. ఆమె పుట్టింది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయిలో, పెరిగింది భిలాయిలో, కాపురం ఆ పక్కనే రిసాలిలో. సముద్రం అంటే చిన్నప్పుడు పుట్టింటి గోడ మీద వేలాడిన క్యాలెండరులో చూసిందే. అందులో ఎర్రటి సూర్యుడు సగం నీళ్లలో ఉండేవాడు. అది లేచేదో దిగేదో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

"కంగారు పడకండి," అంది లలితాంబ. "సాయంత్రం అని ఉన్నచోటల్లా తెల్లవారుజాము అని నేనే పెట్టేస్తాను. కథకి పెద్ద నష్టం లేదు. మీరు ఊ అంటే చాలు."

"ఊ," అంది వనజాక్షి. ఎలాగైనా ఆ ఫోన్ అయిపోతే చాలనిపించింది.

అయిపోయాక అసలు బాధ మొదలైంది. కొట్టులో పనిచేసే పిల్ల తెల్లారగట్ల ఐదింటికి బీచికి ఏ వంకతో పోతుంది? పాలు ఎవరు కాస్తారు, తమ్ముడికి అన్నం డబ్బా ఎవరు కడతారు? బలరాం ఆమెని మొట్టమొదట అడిగిన మాట, కాళ్లు నొప్పా అని. రోజంతా నిలబడి వచ్చిన పిల్లని అడగాల్సిన మాట అది. నిద్ర లేచి వచ్చిన పిల్లకి కాళ్లెందుకు నొప్పెడతాయి? ఒక్క 'ఊ'తో సాయిప్రియ పని చేసుకు బతికే పిల్ల కాకుండా పోయింది.

జోగమ్మ వసారాలో గోరుచిక్కుడు తుంచుతోంది. సముద్రానికి కూతవేటు దూరంలో, శ్రీకాకుళం వైపు బావనపాడు పక్కన పుట్టిన మనిషి. ఆ సంగతి వనజాక్షికి అప్పుడు తట్టింది.

"అత్తా, పొద్దు సముద్రంలోంచి నెగుస్తాది కదా."

"నెగుస్తాది. మరెటు నెగుస్తాది?"

"మరి నేను కుంకినట్టు చదివితే ఊరుకున్నావేటి?"

జోగమ్మ గోరుచిక్కుడు విరుస్తూ అంది, "సెప్తే ఏటవుద్ది. నీకు సిగ్గేసి ఫోను మూసీస్తావు. ఆ గుంటడూ ఆ గుంటా ఏటైపోనారో నాకెవులు సెప్తారు మరి?"

"పదకొండుసార్లంట, అత్తా."

"పన్నెండు. ఓపాలి ముసురు పట్టిన నాడు కుంకించీసినావు. అది మరీ అన్నేయం."

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది, "మరి చదువుతుంటే నీ చేతులు ఆగేవి కదా. పొద్దు తప్పని తెలిసీ ఎందుకాగేవి?"

"పొద్దు కోసం ఆగినాయేటి? కాళ్లు నొప్పా అని ఆడు అడిగినాడు సూడు, దానికి ఆగినాయి. మీ మావ నలభై ఏళ్లలో ఒక్కపాలి అడిగినోడు కాదు, పాపం మంచోడే గానీ."

ఆ మాట వనజాక్షి ఊహించి రాసింది కాదు. పెళ్లైన కొత్తలో ఆమె ఒక టైలరింగ్ షాపులో నిలబడి పని చేసేది. సాయంత్రం రైల్వే గేటు దగ్గర ఎదురుపడి భర్త లక్ష్మీప్రసాద్ అడిగిన మొదటి మాట అదే. మాట ఇక్కడిది, దాన్ని పట్టుకెళ్లి ఎక్కడో చూడని ఒడ్డున నిలబెట్టింది.

ఆ రోజు లక్ష్మీప్రసాద్ జాముల్ నుంచి ఆలస్యంగా వచ్చాడు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, చొక్కా మడతల్లో కూడా బూడిద రంగు దుమ్ము. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. పెళ్లాం రాసింది పెళ్లాం నోటే వినాలి.

"గేటు పడిపోయింది యార్. ఇనపరాయి గూడ్సు గాడీ. యాభై ఎనిమిది డబ్బాలు. ఎంతకీ అవదే," అన్నాడు బూట్లు విప్పుతూ. తల ఎత్తి ఆమె మొహం చూశాడు. "క్యా హువా, రైటర్ మేడమ్?"

ఆమె గేటు గురించి ఆలోచిస్తోంది. రైల్వే గేటు పడగానే అటూ ఇటూ సైకిళ్లు, స్కూటర్లు ఆగిపోతాయి. ఏ పనీ లేని పది నిమిషాలు. పెద్దవాళ్ల కళ్ల ముందే నిలబడి మాట్లాడుకున్నా ఎవరూ తప్పుపట్టని చోటు రిసాలిలో అదొక్కటే. పెళ్లైన కొత్తలో తనకీ ఆయనకీ పరిచయం కూడా వ్యాగన్లు లెక్కపెడుతూనే సాగింది. పొద్దు కుంకి చీకటి పడ్డాక, ఉక్కు ప్లాంటులో కరిగిన స్లాగు, అంటే ఇనుము తీయగా మిగిలిన మడ్డి, పారబోసినప్పుడు ఆకాశం మళ్లీ ఎర్రబడేది. అప్పుడు ఆయన దుమ్ము మొహం కూడా ఎర్రగా, కొత్త మనిషిలా కనిపించేది. నవలలో తను రాసిన ఎరుపు నీళ్లది కాదు, ఇదే.

మర్నాడు పది గంటలకి విజయవాడకి ఫోన్ చేసింది. చేసేముందు రెండుసార్లు మంచినీళ్లు తాగింది.

"మేడమ్, నేను విశాఖ చూడలేదు. ఒకసారి పెళ్లికి శ్రీకాకుళం వెళ్తుంటే అక్కడి స్టేషన్లో రైలు ఆగింది. కిటికీలోంచి ఇడ్లీ కొన్నాం, అంతే. ఆ సముద్రం క్యాలెండరులోది."

"మరి చూశానన్నారు?"

"సిగ్గేసి అబద్ధం చెప్పానండి. తెల్లవారుజాము అని మార్చొద్దు. కథంతా మా ఊరికి తెచ్చేస్తాను. మళ్లీ రాస్తాను."

"మొత్తం?"

"మొత్తం."

లలితాంబ నిట్టూర్చింది. "పన్నెండు రోజుల్లో ప్రెస్సుకి వెళ్లాలమ్మా. అప్పటికి రాకపోతే ఈ యేడు జాబితాలో మీ పుస్తకం ఉండదు. వచ్చే యేటి మాట నేను ఇవ్వలేను. నిన్నటి ఊ మీద ఉంటే ఇప్పుడే అయిపోతుంది."

"దాని మీద ఉండనండి," అంది వనజాక్షి. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ పన్నెండు రోజులూ ఇల్లంతా ఆ నవలలోనే ఉంది. లక్ష్మీప్రసాద్‌ది పొద్దుటి షిఫ్టు. ఐదింటికల్లా ఆయన డబ్బా కట్టి పంపేసి, పిల్ల లేచేవరకూ రెండు భాగాలు. మధ్యాహ్నం పిల్ల పడుకుంటే ఇంకో రెండు. మూడింటికి ఆయన వచ్చి సౌమ్యని భుజాన వేసుకుని గేటు వైపు వెళ్లేవాడు, వ్యాగన్లు చూపించడానికి. వచ్చాక లెక్క అప్పజెప్పేవాడు: గాడీ ఎంతసేపు పట్టింది, గేటు దగ్గర వేరుశెనక్కాయలు అమ్మేవాడు ఎటు నిలబడ్డాడు, ఎదురుగా ఉన్నవాళ్లు డబ్బాల సందుల్లోంచి ఎలా కనిపించి మాయమవుతారు. చదవడం రాని మనిషి చూసింది చెప్పడంలో మాత్రం గట్టివాడు. బలరాం జాముల్‌లో ఫిట్టరయ్యాడు. సాయిప్రియ వైశాలి నగర్‌లో జిరాక్సు షాపుకి మారింది. కాళ్ల నొప్పి అలాగే ఉంది.

ఏడో రోజు సౌమ్యకి జ్వరం వచ్చింది. నుదురు కాలిపోతుంటే వనజాక్షి పిల్లని ఒళ్లోంచి దించలేదు. తల్లి వేరేవాళ్ల ప్రేమలు రాసుకుంటూ కూర్చుంటే పిల్లకి తగలదా అనుకుంది. డాక్టరు వైరల్ అన్నాడు, మందిచ్చాడు. ఇంటికి వచ్చాక ఫోను ముట్టుకోలేదు. ఆ రోజూ పోయింది, మర్నాడు సగమూ పోయింది.

జోగమ్మ తడిగుడ్డ పిండి పిల్ల నుదుట వేసింది. "పిల్లకి జొరం వానకి ఒచ్చినాది. నీ కతకి కాదు. ఇక్కడ నాను కూకుంటాను, నెగు."

"భయమేస్తంది, అత్తా."

"భయపడుతూ రాయి. వండేటప్పుడు భయపడ్డం నేదేటి నువ్వు? రోజూ ఉప్పెక్కువైందేమో అనే కదా వడ్డిస్తావు."

పన్నెండో రోజు మధ్యాహ్నానికి నవల విజయవాడ చేరింది. పిల్ల పెరుగన్నం తిని ఆడుకుంటోంది. సాయంత్రం ఐదింటికి లలితాంబ ఫోన్.

"చదువుతూనే ఉన్నాను. గేటు బాగుంది. వ్యాగన్లు దాటేలోగా మాట పూర్తవ్వాలని ఇద్దరూ తొందరపడ్డం చాలా బాగుంది. కానీ చివర్లో, పొద్దు కుంకాక ఆకాశం మళ్లీ ఎర్రబడిందన్నారు. ఇదీ క్యాలెండరులోదేనా?"

"కాదండి. ప్లాంటులో స్లాగు పారబోస్తే అలా అవుతుంది."

"నేనొకసారి దెబ్బతిన్నాను వనజాక్షి గారూ. మీ పుస్తకానికి పూచీ నాది. చూపించగలరా?"

ఆరున్నరకి నలుగురూ డాబా మీద ఉన్నారు. లక్ష్మీప్రసాద్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. తెరలో కళ్లజోడు పెట్టుకున్న లలితాంబ మొహం. పైన ఆకాశం నిండా మబ్బు. పొద్దు కుంకింది, అదీ సరిగా కనబడలేదు. ప్లాంటు వైపు నల్లగా ఉండిపోయింది. ఐదు నిమిషాలు, పది, పావుగంట.

"రోజూ రాదమ్మా," అంది జోగమ్మ ఫోనులోకి వంగి. "ఆళ్లు పోసిన నాడు ఒస్తాది. మీ ఊర్లో పెసరట్లు బాగుంటాయంట కదా?"

"బాగుంటాయండి," అంది లలితాంబ.

"మా కోడలూ ఏస్తాది. రాస్తూ ఏస్తే మాత్రం మాడిపోతాది."

లలితాంబ నవ్వింది. ఇరవై నిమిషాలు దాటాయి. ఎరుపు రాలేదు. లక్ష్మీప్రసాద్ చెయ్యి మార్చుకున్నాడు. వనజాక్షికి ఏ దేవుడికి మొక్కితే స్లాగు పోస్తారో తెలియడం లేదు.

చివరికి లలితాంబే అంది, మెత్తగానే. "పోనీ ఆ నాలుగు వాక్యాలు తీసేద్దామా? గేటు చాలు కదా. ఊ అనండి, రాత్రికే ప్రెస్సుకి పంపేస్తాను."

వనజాక్షి ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"తీయనండి. ఇవాళ పోయలేదు. రేపు పోస్తారో ఎల్లుండి పోస్తారో చెప్పలేను. కానీ అది నేను చూసింది. ఈ మనిషి మొహం మీద చూశాను." పక్కనున్న భర్తని చూపించింది. "పుస్తకం ఆగిపోతే ఆగిపోనీండి. అది మాత్రం ఉండాలి."

లక్ష్మీప్రసాద్ ఏం చెయ్యాలో తోచక తన బుగ్గ తడుముకున్నాడు. అటువైపు లలితాంబ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మొదటి పుస్తకానికే సంపాదకుల మాట కాదన్నవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు," అంది. "సరే. ఒక్క అక్షరం ముట్టుకోను. రాత్రికి వెళ్తుంది."

ఫోను పెట్టేశాక సౌమ్య నాన్న భుజం మీద ఆవలించింది. దోమలు కుడుతున్నాయి. మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఉండే రాజశ్రీ దీదీ తలుపు తీసింది.

"క్యా హువా? అంతా ఛత్ మీద ఏం చేస్తున్నారు ఈ మబ్బులో?" అంది హిందీలో.

వనజాక్షి ఎప్పటిలాగే "కుఛ్ నహీ దీదీ" అని తప్పించుకోబోయింది. అంతలో జోగమ్మ గోడ పట్టుకుని, మెట్టు మీద ఆగి, కోడలు ప్రేమ పుస్తకం రాసిన సంగతీ, మేడమ్ కొట్టెయ్యమంటే కాదన్న సంగతీ వాటాలన్నిటికీ వినబడేలా తన హిందీలో చాటింది.

"మేరా బహూ కితాబ్ లిఖా. ప్రేమ్ కితాబ్. విజయవాడా మే ఛప్ రహా. ఓ మేడమ్ కాటో బోలా, మేరా బహూ నై బోలా."

రాజశ్రీ దీదీ నోరు తెరుచుకుని వనజాక్షి వైపు చూసింది. "సచ్చీ?"

"హా దీదీ," అంది వనజాక్షి. "మన గేటు దగ్గరి కథే."