నార్వే నుంచి రావలసిన సంతకం

ఏప్రిల్ పదిహేడు, ఈస్టర్ ముందు గురువారం. మధ్యాహ్నం ఉప్పుచేప వడలు తిని, కెనడా తూర్పు కొసన సెయింట్ జాన్స్‌లోని మా యూనివర్సిటీ ఆఫీసుకు వచ్చాను. పరిశోధకులకు విదేశీ నిధులు, భాగస్వాములు వెతికిపెట్టడం నా పని.

సముద్రపు మంచు మీద పరిశోధన చేసే బెర్నడెట్ అప్పటికే నా గదిలో కూర్చుని ఉంది. ఆమె దరఖాస్తుకు నార్వే ప్రొఫెసర్ సంతకం ఒక్కటే రావాలి. సాయంత్రం ఐదింటికి గడువు. ఈ నిధి రాకపోతే జూన్‌లో ఆమె ప్రయోగశాల మూతపడుతుంది.

నార్వేలోని ఆయన ఆఫీసుకు ఫోన్ చేస్తే కాపలా మనిషి ఎత్తాడు.

"మాకు ఇవాళే సెలవండీ. ఆయన కొండ మీది కుటీరానికి వెళ్ళిపోయారు. అక్కడ సిగ్నల్ ఉండదు. అయినా ఉండండి, గది చూసొస్తాను."

మూడంతస్తులు ఎక్కి దిగి, రొప్పుతూ మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. "లేరండీ."

మనలాగే వాళ్ళకూ శుక్రవారమే సెలవనుకున్నాను. దేశదేశాల సెలవులు నా క్యాలెండర్‌లో గుర్తుపెట్టి ఇచ్చేది నా భార్య. ఆమె పోయాక నేను సరిగా చూసుకోలేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"అయితే స్కీలు కట్టుకుని ఆ కొండకి బయల్దేరు మరి, ఆంబ్రోస్ బాబాయ్!" అంది బెర్నడెట్. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఇద్దరం కంప్యూటర్ వంక చూస్తూ కూర్చున్నాం. ఐదింటికి గడువు ముగిసిందని తెర మీద పడింది. బెర్నడెట్ కోటు తొడుక్కుని, నా భుజం తట్టి, బయటి నుంచి తలుపు మెల్లగా మూసింది.