పడమటి కిటికీకి పరదా

దత్తాత్రి నాడెలో కొత్త నూలు కండె బిగించి, సాంచ పిడిని ముందుకు నెట్టాడు. కుంఠా నాకాలోని ఆ షెడ్డులో మిగతా సాంచలను, అంటే మరమగ్గాలను, ఇదివరకే ఒక్కొక్కటిగా తీసేశారు. ఇప్పుడు ఆయన సాంచ ఒక్కటే మోగుతోంది. సాయంత్రానికి అదీ పోతుంది, దాంతోపాటు ఆయన పనీ ముగుస్తుంది. నెరిసిన కనుబొమల మీద నూలు ధూళి పేరుకుని ఉంది. ఏళ్ల తరబడి సాంచ మీదికి వంగి వంగి ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారింది.

పడుగులో మిగిలిన తెల్లనూలు నీదే, నచ్చింది నేసుకో అని షెడ్డు యజమాని మురళీధర్ నిన్ననే చెప్పాడు. ఏం నేయాలో దత్తాత్రి ఆలోచించనక్కర్లేకపోయింది.

కుంభారి కాలనీలో వాళ్లకు కొత్తగా ఇల్లు వచ్చింది. అంతకుముందు బతుకంతా కిటికీ లేని ఒంటిగదిలోనే గడిచింది. ఇప్పుడు పడమటి కిటికీ పక్కన కూర్చుని భార్య గోదావరి బీడీలు చుడుతుంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎండ పడితే ఆమె కళ్లు నీరు కారతాయి. పాత చద్దరు అడ్డం కడితే ఆకు కనబడనంత చీకటయింది. బజారులో దొరికే పరదాలు పొట్టివయ్యాయి.

"వెల్తురు రావాలె, ఎండ రావద్దు. గసొంటిది నెయ్యరాదు?" అని ఒకరోజు అడిగింది.

ఊరందరి పక్కలకూ చద్దర్లు నేసిన మనిషిని ఆమె తమ ఇంటికోసం అడిగిన మొదటి బట్ట అది.

పొద్దున నేసింది మందంగా వచ్చింది. పళ్ల చక్రం మార్చి పలచగా నేస్తే పోగులు పక్కకు జారాయి. రెండూ కోసి పడేశాడు. పడుగు తరిగిపోతోంది. సాంచ ఆపి, మిగిలిన పడుగును కొలిచి చూసుకున్నాడు. తర్వాత ఆ పలచటి నేతలోనే, జానెడు జానెడుకూ పసుపు నూలున్న నాడె మార్చి, దిట్టంగా ఒక పసుపు పట్టీ వేశాడు. పోగులు కదలకుండా నిలిచాయి.

మధ్యాహ్నం గోదావరి టిఫిన్ డబ్బాతో సిటీ బస్సు దిగి వచ్చింది. ఆయన బట్ట కోసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని ముఖానికి అడ్డం పట్టుకుని బయట ఎండలో నిలబడింది. ఎంతసేపటికీ లోపలికి రాలేదు. వచ్చేసరికి ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి, ముఖం నిండా నవ్వు ఉంది.

అప్పుడే మురళీధర్ వచ్చాడు. బట్టను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"మస్తుంది కాకా. మా హాల్‌కు గిదే పెడ్త. నిర్మల ఎన్నొద్దుల సంది అడుగుతున్నది. నీకు మంచి చద్దర్లు ఇస్త."

అతని మాటలో భార్య మీద ప్రేమే తప్ప చెడు లేదు. ఇన్నేళ్లలో దత్తాత్రి సేట్ మాట ఎన్నడూ కాదనలేదు. పడుగు అయిపోయింది, మళ్లీ నేయడానికి లేదు. గోదావరి తల దించుకుని బట్టను మడవసాగింది.

"లేదు సేట్," అన్నాడు దత్తాత్రి. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇది మా ఖిడికీ కొల్తకు నేసిన. మా ఆమెకు."

మురళీధర్ ఆయనవైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత మడతకు రెండో కొస తనే పట్టుకుని, ఆ బట్టను గోదావరి చేతుల్లో పెట్టాడు.

ఆమె వెళ్లిన కాసేపటికి టెంపో వచ్చింది. మోటారు స్విచ్ దత్తాత్రే ఆపాడు. ఆ నిశ్శబ్దంలో వీధిలో కూరగాయలమ్మే మనిషి కేక మొదటిసారి స్పష్టంగా వినబడింది. మనుషులు బోల్టులు విప్పి సాంచను ఎక్కించారు. టెంపో నాకా మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కుని బస్సెక్కాడు.

కుంభారిలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. రోజూ వరసలు వెతుక్కుంటూ పోయేవాడు. ఇవాళ మలుపులోనే, పడమటి ఎండలో, పసుపు పట్టీలతో ఒక కిటికీ వెలుగుతూ కనిపించింది. దత్తాత్రి నేరుగా అటే నడిచాడు.

గుమ్మంలో పక్కింటి పార్వతీబాయి పరదా తడిమి చూస్తూ, ఏ దుకాణంలో కొన్నారని అడుగుతోంది.

"దుకాన్ల దొరకది," అంది గోదావరి. "మా ఆయన నేసిండు."

ఆయన లోపలికి వెళ్లి ఆమె కూర్చునే చోట కూర్చున్నాడు. సూర్యుడికి ఎదురుగా కళ్లు విప్పార్చి చూశాడు. మెత్తటి వెలుతురు ముఖం నిండా పరుచుకుంది. చాయ్ పెట్టడానికి గోదావరి లోపలికి వెళ్లింది. కిటికీ గట్టు మీద ఆమె వదిలేసిన సూది ఉంది, దాని బెజ్జంలో ఇంకా కొంచెం పసుపు దారం.