తోర్సన్‌తో జోడీ

రాష్ట్ర సెనేట్‌లో ఓటింగుకి పేర్లు అక్షరాల వరసలో పిలుస్తారు. పన్నెండేళ్ల పాటు ఆర్డిస్ లుండీన్‌కి ముందు పిలిచిన పేరు ముసలి జెన్సన్‌ది. ఆయన 'అవును' అంటున్నాడో దగ్గుతున్నాడో ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి ఆయనతో ఆమెకి ఏ పేచీ లేదు. రెండేళ్ల క్రితం రాజధాని నగరం నుంచి ట్రెవర్ కినీ గెలిచి వచ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఓటింగులోనూ ముందు కినీ, వెనక లుండీన్. అతను లేచి, కోటు బొత్తాం పెట్టుకుని, గ్యాలరీలో కెమెరాలున్న వైపు కాస్త తిరిగి, గంట కొట్టినట్టు 'అవును' అనేవాడు. ఆ వెంటనే ఆర్డిస్ అనే 'అవును' పక్క బల్ల వాళ్లకి కూడా వినిపించేది కాదు.

ఆమెకి అతనంటే కుళ్లు. ఇందులో దాచేదేమీ లేదు. అరవై మూడేళ్లొచ్చి, ఇద్దరు మనవల్ని ఎత్తి, ముప్పై తొమ్మిదేళ్లవాడి మీద ఏడవడమేమిటని ఆమెకే సిగ్గుగా ఉండేది. సిగ్గుపడితే తగ్గేదైతే ఈపాటికి ఎప్పుడో తగ్గిపోయేది.

అసలు ఆ బిల్లు ఆమెది. కౌంటీ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి, అక్కడి కాన్పుల వార్డు మూసేసిన ఏడాది కోపమొచ్చి ఎన్నికల్లో నిలబడిన మనిషి. సర్కారు సాయానికి పనికిరానంత సంపాదన, సొంతంగా ఆరోగ్య బీమా కొనుక్కోలేనంత లేమి, ఈ రెంటి మధ్యా నలిగిపోయే తొంభై వేల మందికి రాష్ట్రమే బీమా ఇవ్వాలని, దాంతో పల్లె ఆసుపత్రులు తలుపులు తెరుచుకుని ఉండాలని ఆమె పట్టు. పద్నాలుగేళ్లుగా ప్రతి సమావేశంలోనూ ఆ బిల్లు పెట్టింది. ప్రతిసారీ అది ఆర్థిక కమిటీలో చచ్చింది.

ఈ ఏడాది మొదటిసారి నడవకి ఇటువైపు, అంటే ఆమె పార్టీ వైపు, బలం వచ్చింది. ముప్పై అయిదింట్లో పద్దెనిమిది. ఇక గట్టెక్కినట్టే అనుకుంది ఆర్డిస్. జనవరిలో పార్టీ నాయకురాలు జొనెల్ బ్రాట్ ఆమెని గదికి పిలిచి, తనే కాఫీ పోసి ఇచ్చింది. జొనెల్ తన చేత్తో కాఫీ పోసిందంటే ఎవరికో మూడినట్టే.

"ఆర్డిస్, నీ బిల్లుని ఈసారి పార్టీ బిల్లుగా పెడుతున్నాం. మొదటి పేరు ట్రెవర్‌ది పెడదాం."

"ఎందుకట?"

"నీకు తెలియందేముంది? దేశాధ్యక్ష పదవికి నిలబడతాడని పైవాళ్లంతా అనుకుంటున్నారు. ఇదిగో ఇది చేశాను అని చూపించుకోడానికి ఒక పనుండాలి కదా. రెండో పేరు నీదేలే."

"పద్నాలుగేళ్లు మోసింది నేను. బారసాల నాడు పక్కకి తప్పుకోమంటావా?"

"బిల్లు గెలవాలా, నీ పేరు గెలవాలా? అది చెప్పు."

ఆ ప్రశ్నకి పైకి చెప్పగలిగిన జవాబు ఒకటే కాబట్టి ఆర్డిస్ కాఫీ తాగి వచ్చేసింది.

ఆ తర్వాత కినీని పట్టుకునేవాడే లేకపోయాడు. అధ్యక్ష పోటీ మొదలయ్యే అయోవా రాష్ట్రానికి వెళ్లి, విందుల్లో మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఫొటోలు దిగాడు. అధ్యక్షుడు కావాలనుకునే ప్రతివాడూ ముందు ఆ పొత్తు కొరకాల్సిందే. టీవీలో మాట్లాడుతూ, తన అమ్మమ్మ జబ్బుపడి బీమా లేక నానా అగచాట్లూ పడుతుంటే ఈ బిల్లు ఆలోచన వచ్చిందన్నాడు. ఆ అమ్మమ్మ అంతకు నెల ముందే పార్టీ విందులో ఆర్డిస్ పక్కన కూర్చుని రెండు ప్లేట్ల కోడి వేపుడు తిని, మూడోదానికి లేచింది.

ఓటింగు ఏప్రిల్ ఆఖర్లో పడింది. కిటికీల బయట మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. పొద్దున్నే ఆర్డిస్ బల్ల దగ్గరికి ఆల్విన్ తోర్సన్ వచ్చాడు. అవతలి పార్టీ మనిషి, గోధుమ రైతు, డెబ్భై నాలుగేళ్లవాడు. ఆ బిల్లుని కమిటీలో ప్రతి ఏడాదీ చంపింది ఈయనే. చంపిన సాయంత్రం భార్య డెలోరిస్ చేసి పంపిన పళ్ల కేకు డబ్బా తెరిచి, పెద్ద ముక్క ఆర్డిస్‌కే పెట్టేవాడు. వాళ్లిద్దరి స్నేహం అట్లాంటిది.

"ఆర్డిస్, ఇవాళ డెలోరిస్‌కి గుండె ఆపరేషన్. రెండింటికి లోపలికి తీసుకెళ్తారట. నాకో జోడీ ఇస్తావా?"

జోడీ ఆ సభలో పాత ఆచారం. తప్పనిసరై వెళ్లాల్సిన సభ్యుడు అవతలి పక్షంలో ఒకరిని అడుగుతాడు. ఒప్పుకున్నవారు కూడా ఆ ఓటింగులో ఓటు వెయ్యకుండా ఊరుకుంటారు. వెళ్లినవాడి వల్ల ఎవరికీ లాభం, నష్టం ఉండవు. రాతకోతలుండవు, చెయ్యి కలిపితే చాలు. అడిగినవాడు విడిచిపెడితే తప్ప ఆ మాటకి తిరుగులేదు. తప్పినవాళ్లతో ఆ భవనంలో మళ్లీ ఎవరూ ఒక బల్ల దగ్గర భోంచెయ్యరు.

"దానికేం, ఇచ్చాను," అంది ఆర్డిస్, చెయ్యి చాపి.

"నీ బిల్లు రోజే అడగాల్సి వచ్చింది. ఏమీ అనుకోకు."

"నా బిల్లెక్కడిది ఆల్విన్? కినీది."

తోర్సన్ కళ్లద్దాల మీదుగా ఆమె వంక ఒక క్షణం చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. లెక్క చూస్తే ప్రమాదమేమీ లేదు. ఇటు పదిహేడు, అటు పదహారు. తన పేరు ఎదురుగా 'ఓటు వెయ్యలేదు' అని పడుతుంది, అంతే. పద్నాలుగేళ్ల తర్వాత రికార్డులో ఆ ముక్క. ఆర్డిస్ దాన్ని కూడా కినీ ఖాతాలోనే రాసుకుంది.

పదకొండింటికి కాఫీ గదిలో మెర్ల్ ఒడెగార్డ్ ఆమెని మూలకి లాగాడు. ఇటువైపు మనిషే, పాడి రైతు, పిరికివాడు.

"నేను ఓటు వెయ్యను ఆర్డిస్. ఇందులో పన్ను పెంపు ఉంది కదా, ఇంటికెళ్తే మా వాళ్లు నన్ను బతకనివ్వరు. కాదని మాత్రం అనను. పేరు పిలిచినా ఊరికే కూర్చుంటాను."

"జొనెల్‌కి చెప్పావా?"

"అమ్మో! నన్ను నమిలేస్తుంది. నువ్వు కూడా చెప్పకు."

పదహారూ పదహారు. సమానమైతే బిల్లు పడిపోయినట్టే, ఆ సభలో అంతే. ఇంకా మూడు గంటలకి పైగా టైముంది. జొనెల్ చెవిన వేస్తే మెర్ల్ కౌంటీకి ఏ వంతెనో రాసిచ్చి దారికి తెచ్చుకునేది. అట్లాంటివి ఆమెకి మంచినీళ్లు తాగినంత తేలిక. ఆర్డిస్‌కి ఇదంతా తెలుసు. తెలిసీ ఒక నిమ్మకాయ కేకు ముక్క తీసుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బిల్లు పడాలి. కినీ పేరుతో, కినీ చేతుల్లో, కెమెరాల ముందు పడాలి. అయోవాలో వాడేం చూపించుకుంటాడో చూడాలి. కేకు ఎప్పుడూ లేనంత తియ్యగా ఉంది.

రెండున్నరకి పేర్లు పిలవడం మొదలైంది. కినీ లేచాడు, బొత్తాం పెట్టుకున్నాడు, గంట కొట్టాడు. తర్వాత, "లుండీన్!"

"తోర్సన్ గారికి జోడీ ఇచ్చాను. ఆయనుంటే కాదనేవారు, నేను అవుననేదాన్ని. కాబట్టి ఓటు వెయ్యడం లేదు."

సభలో చిన్న గొణుగుడు లేచి సర్దుకుంది. మరి కాసేపటికి, "ఒడెగార్డ్!" మెర్ల్ తన బూట్ల వంక చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ పిలిచారు. బూట్ల మీదనుంచి చూపు తియ్యలేదు. జొనెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె లెక్క ఆపించి, కాస్త వ్యవధి అడిగింది. సభాధ్యక్ష స్థానంలోని పెద్దమనిషి పావుగంట ఇచ్చాడు.

కినీ ఒక్క అంగలో ఆర్డిస్ బల్ల దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఆర్డిస్ గారూ, ఇదేంటండీ? మెర్ల్ వెయ్యడట. మీరూ వెయ్యకపోతే బిల్లు పోతుంది!"

"మాటిచ్చాను బాబూ."

"ఇది మీ బిల్లండీ!"

"అవునా? మొన్న టీవీలో మీ అమ్మమ్మదన్నావే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆర్డిస్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ చెవుల్ని ఇంకో గంటసేపు అట్లాగే చూస్తూ కూర్చోమన్నా కూర్చునేది.

"తప్పే, ఒప్పుకుంటున్నాను. సంతకాల రోజున గవర్నర్ సంతకం చేసిన కలాలు పంచుతారు కదా, మొదటి కలం మీకే ఇప్పిస్తాను. నేను మాట్లాడతాను."

నా కలం నాకు ఇప్పించడానికి వీడెవడు? ఆ మాటతో ఆమెకి ఇంకా మండింది. ఈలోగా జొనెల్ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆల్విన్‌కి ఫోన్ చెయ్యి. జోడీ వదిలెయ్యమని అడుగు."

"పెళ్లాం ఆపరేషన్ బల్ల మీదుంటే..."

"చెయ్యి ఆర్డిస్."

ఆర్డిస్ కోట్లు తగిలించే గదిలోకి వెళ్లి నంబరు నొక్కింది. ఆమెకి భయమేమీ లేదు. పద్నాలుగేళ్లు ఆ బిల్లు పీక నొక్కిన మనిషి ఇవాళ చస్తే వదలడు. వదలనన్నాడని వెళ్లి చెబితే చాలు. తన చేతికి మట్టి అంటదు.

"డెలోరిస్ ఎలా ఉంది?"

"లోపలుంది. ఇంకా రెండు గంటలు పడుతుందట," అన్నాడు తోర్సన్. "నువ్వందుకు చెయ్యలేదు. విషయం చెప్పు."

చెప్పింది. మెర్ల్ సంగతి, లెక్క సంగతి. అవతల ఎవరో డాక్టర్ని మైకులో పిలుస్తున్నారు.

"మెర్ల్ వెయ్యడని నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. "పదకొండింటికి."

"జొనెల్‌కి చెప్పలేదూ?"

"లేదు."

"అయితే వదలమని అడగడానికి చెయ్యలేదు నువ్వు. వదలనని నాచేత అనిపించుకోడానికి చేశావు."

ఆర్డిస్ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"చూడు. ఆ బిల్లంటే నాకు పడదు. అక్కడుంటే ఇవాళ కూడా కాదనే అందును. మా వాళ్లు ఆ పన్ను మొయ్యలేరు. అది వేరే సంగతి. కానీ నీ కడుపుమంటకి నా పెళ్లాం ఆపరేషన్‌ని అడ్డం పెట్టుకోకు. జోడీ లేదు, పో. నిన్ను వదిలేశాను. బిల్లు చంపాలనుంటే నీ నోటితో నువ్వే చంపు."

ఫోన్ పెట్టేశాడు.

చుట్టూ తడి కోట్ల వాసన. చెంప దెబ్బ తిన్నట్టు ఆమె బుగ్గలు భగ్గుమన్నాయి. కాన్పుల వార్డు మూసేసిన ఏడాది, మంచులో ఎనభై మైళ్ల దారి మధ్యలో, కదులుతున్న అంబులెన్సులో మోకాళ్ల మీద కూర్చుని తను పోసిన పురుడు గుర్తు తెచ్చుకుంది. ఆ తల్లి తన మణికట్టు మీద గుచ్చిన గోళ్లు గుర్తున్నాయి. అవన్నీ గుర్తొచ్చినా మధ్యలో కినీ మొహం, ఆ పళ్లు, ఆ బొత్తాం అడ్డొస్తూనే ఉన్నాయి. పోవడం లేదు. పోయేదాకా ఆగుదామంటే పావుగంట అయిపోతుంది.

తిరిగి వచ్చి కూర్చుంది. గుమాస్తా మళ్లీ పిలిచాడు. "లుండీన్!"

"తోర్సన్ గారు నన్ను మాట నుంచి విడిచిపెట్టారు," అంది లేచి.

గ్యాలరీలో కెమెరాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పద్నాలుగేళ్లలో మొదటిసారి. తన వేళ్లు స్వెటర్ బొత్తాం పెడుతున్నాయని ఆర్డిస్ అప్పుడు చూసుకుంది. అచ్చం వాడి లాగే. చేతులు కిందికి దించేసింది.

"అవును."

పదిహేడు, పదహారు. సభ దద్దరిల్లింది. అందరూ వెళ్లి కినీని వాటేసుకున్నారు. కెమెరాలూ అటే వెళ్లాయి. ఎవరో ఆర్డిస్ కాలు తొక్కి, క్షమాపణ చెప్పి, వాళ్లూ అటే వెళ్లారు.

అయిదింటికి ఫోన్ మోగింది. తోర్సన్.

"బాగానే అయిందట. ఇందాకే కళ్లు తెరిచింది. నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

"కుళ్లు తగ్గిందా?"

"లేదు ఆల్విన్. ఇంకాస్త ఎక్కువైంది."

"తగ్గదులే. నాకూ తగ్గలేదు."

"నీకెవరి మీద?"

"నీ మీదే. పద్నాలుగేళ్లు నీ బిల్లు చంపానా, మళ్లీ జనవరి రాగానే అదే కాగితం పట్టుకుని తయారయ్యేదానివి. నలభై ఏళ్లయింది నేనా సభకొచ్చి. కాదనడం తప్ప, అట్లా పట్టుకుని తిరగడానికి నాకు ఒక్కటంటే ఒక్క కాగితం లేదు."

ఆర్డిస్ ఆయన్ని ఆసుపత్రిలో ఏం తిన్నావని అడిగింది. ఏమీ తినలేదన్నాడు. కోటు తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.