ఆగ్నేయం గోడ

కంపైలర్ మళ్ళీ చచ్చింది. "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని తెర మీద పడేసరికి శ్రీసత్య ఆగిన ఫైలు పేరు కాగితం మీద రాసుకుంది.

భీమవరం పక్కన ఉప్పుడుబియ్యం మిల్లు అది; రెండు వేల నాలుగు ఎండాకాలం. ఆఫీసు కంప్యూటర్లో విండోసు వైరస్ పట్టి పోతే, ఎంసీఏ చదివిన చిన్నకోడలు శ్రీసత్య దానికి బదులు జెంటూ లినక్సు ఎక్కిస్తానంది. అది బజార్లో బియ్యం కొనుక్కోవడం కాదు, వడ్లు తెచ్చి మర పట్టించుకోవడం. ప్రతి ప్రోగ్రామునీ సోర్సు కోడు నుంచి ఆ మెషీనే కంపైల్ చేసుకోవాలి. సాయంత్రానికి అది పూర్తికాకపోతే విండోసు తిరిగి ఆఫీసులోకి, శ్రీసత్య తిరిగి వంటింట్లోకి. ఆ మాటన్నది ఆమె బావగారు, మిల్లు పెత్తనం చేసే పల్లంరాజు.

ఆయనే ఇప్పుడు గుమ్మంలోకొచ్చాడు. శ్రీసత్య లేచింది. ఆ ఇంటి కోడళ్ళు బావగారి ముందు కూర్చోరు.

"మళ్ళీ ఆగిందా?"

"ఆగిందండి. ఈసారి వేరే ఫైలు దగ్గర."

"మొండి ఎద్దయినా ఒకేచోట మొరాయిస్తుంది. నీ లినక్సుకి ఆపాటి నియమం కూడా లేదేంటి? చదువుని చూసి చేసుకున్నాడు మా తమ్ముడు!"

సోర్సులో తప్పుంటే ప్రతిసారీ ఒకేచోట ఆగాలి. చోటు మారుతోందంటే తప్పు మెషీన్‌ది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ నిన్న, ఆదివారం పూట, పరీక్ష పెడితే మెమరీ శుభ్రంగానే ఉంది. నిలబడి నిలబడి కాళ్ళు లాగి, గోడకి చెయ్యి ఆనించింది. చురుక్కుమంది.

గోడవతల బాయిలర్. నిన్న దానికి సెలవు, అందుకే పరీక్షలో ఏమీ బయటపడలేదు.

"బావగారూ, మెషీన్ ఉడికిపోతోందండి. ఇక్కణ్ణించి తీయాలి."

"కరెంటు సామాను ఆగ్నేయంలోనే ఉండాలి. సిద్ధాంతిగారు దగ్గరుండి పెట్టించారు."

"వడ్లుడికే గోడకి ఆనించి పెట్టించారండి. వాస్తుకి ఉక్కపోయదు, దీనికి పోస్తుంది."

"నోరు లేస్తోందే!"

ఆమె వైర్లు పీకి, డబ్బా చంకనెత్తుకుని తిన్నగా పల్లంరాజు గదిలోకి నడిచింది. మిల్లు మొత్తానికి ఏసీ ఉన్నది అక్కడే. గుమాస్తా వీరాస్వామి ఎవరివైపూ చూడకుండా తలుపు తీసి, తెరా కీబోర్డూ వెనకాలే మోసుకొచ్చాడు.

"అది నా గది!"

"సాయంత్రందాకా గడువిచ్చింది మీరేనండి. ఎక్కడ చెయ్యాలో చెప్పలేదు."

తెర మీద లైన్లు పరిగెత్తాయి. పొద్దున ఆగినచోటు దాటాయి, మధ్యాహ్నం ఆగినచోటూ దాటాయి. పల్లంరాజు బయట వరండాలో చెమటలు కక్కుతూ కూలీల్ని తిట్టాడు. ఎండ తగ్గేసరికి కంపైల్ ముగిసింది.

ఆయన లోపలికొచ్చి తెరవంక ఎగాదిగా చూశాడు. "సరే. మెషీన్ ఉంచుదాం. రేపట్నుంచి దీని ముందు వీరాస్వామి కూర్చుంటాడు. నువ్వు ఇంటిపట్టునుండు."

శ్రీసత్య తల వంచుకుని నిలబడే ఏదో కొట్టింది. తెర మీద ఆ అక్షరాలు కనబడలేదు.

"ఏంటది?"

"పాస్‌వర్డ్ మార్చానండి."

"వీరాస్వామికి చెప్పెయ్."

"మర్చిపోతాడండి పాపం. రోజూ నేనే వచ్చి తెరుస్తాను."

"ఇంటికి పద, నీ సంగతి చెప్తాను!"

"చెప్పండి బావగారూ. రేపు మాత్రం ఏసీ ముందే వేయించి ఉంచండి."