మూత మీద మనుషులు

కాటయ్యను ట్యాంకులోంచి తాడేసి పైకి లాగారు. ముందు చేతులు వచ్చాయి, ఆ తర్వాత తల. గోకుడు రేకు ఇంకా మణికట్టుకు గుడ్డపేలికతో కట్టే ఉంది. లారీ పక్కన గచ్చు మీద పడుకోబెట్టి బకెట్టు నీళ్ళు కుమ్మరించినా కళ్ళు తెరవలేదు. ఫోర్‌మన్ పరంధామయ్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దూరం నుంచే చూసి, "తాగొచ్చుంటాడు" అన్నాడు.

వెల్డరు గోపాలస్వామి ఆ మాట విన్నాడు. నల్లద్దాల కళ్ళజోడు నొసటి మీదికి తోసుకుని, ఇనుము అతికే గ్యాసు టార్చి పట్టుకుని, తన వంతు కోసం అక్కడే నిలబడి ఉన్నాడతను. ట్యాంకు అడుగున అతుకు వదిలి కారుతోంది. కాటయ్య లోపల గోకి శుభ్రం చేసి బయటికి వస్తే అతను దిగి అతకాలి. అదీ ఏర్పాటు. కాటయ్య బయటికైతే వచ్చాడు.

పట్నంలోని మరుగుదొడ్ల మలాన్ని ఊరవతలికి మోసుకుపోయే లారీలను బాగుచేసే షెడ్డు అది. కొరుక్కుపేట రైలు గేటు దాటితే కనిపిస్తుంది. కనిపించకముందే వాసన చెబుతుంది. టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, కమ్మరులు, తమిళులూ తెలుగువాళ్ళూ కలిసి అక్కడ పని చేస్తారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు. మదరాసు మీదా మాదా అని పెద్దలు కొట్లాడుకున్నన్నాళ్ళూ ఊరి మలం మాత్రం ఎవరిదీ కాకుండా ఈ లారీల్లోనే పోయేది.

కాటయ్యను చంపింది ఒక గెలుపు. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి. కిందటి వేసవిలో ఇలాంటి ట్యాంకులోనే నాగప్పన్ అనే వెల్డరు టార్చి వెలిగించగానే లోపలి గ్యాసు అంటుకుని అతని ముఖం కాలింది. వెల్డర్లందరూ పని మానేశారు. "శుభ్రం చెయ్యని ట్యాంకులోకి దిగం" అని గోపాలస్వామి గేటు దగ్గర గొంతు చించుకుని అరిచాడు. చివరికి ఇంజనీరు దిగివచ్చి సరేనన్నాడు. కార్మిక సంఘం వాళ్ళు గోపాలస్వామి మెడలో దండ వేశారు. శుభ్రం చెయ్యాలన్నారే గాని ఎవరు చెయ్యాలి, ఎలా చెయ్యాలి అని ఒక్కడూ నోరు తెరవలేదు. మర్నాడే పరంధామయ్య, లారీల వెంట షెడ్డుకు వచ్చిపోయే పాకీవాళ్ళు కాపురముండే లైన్లకు కబురు పెట్టాడు. వెల్డరు చావకూడని చోటికి, అదే గ్యాసులోకి, కాటయ్య దిగాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ లేతు మిషన్ల షెడ్డులో సంఘం కూడింది. క్యారియర్లు ఎవరూ విప్పలేదు. కార్యదర్శి బాలసుందరం టర్నరు, గట్టి మనిషి, జైలు చూసి వచ్చినవాడు. కాటయ్య కోసం అందరినీ కాసేపు మౌనంగా నిలబెట్టి, ఇక కూర్చోమన్నాడు.

"అంతేనా?" అన్నాడు గోపాలస్వామి.

"ఇంకేం జేయమంటావన్నా? వాళ్ళు దినకూలీలు, మన సంఘంలో లేరు."

"సంఘంలో చేరతామని పోయినేడు వస్తే ఎవరప్పా వెనక్కి పంపింది? పక్కన కూర్చోలేమని చెప్పింది మనం గాదా?"

ముసలి ఫిట్టరు కృష్ణస్వామి వెనక నుంచి గొణిగాడు. "వాళ్ళ పని వాళ్ళది, మన పని మనది. ఎందుకొచ్చిన గొడవ?"

"ట్యాంకు ఒకటే గదప్పా! వాడు గోకితేనే నేను అతికేది."

బాలసుందరం గొంతు తగ్గించాడు. "చూడన్నా. ఇప్పుడు మనం కదిలితే ఇంజనీరు ఇచ్చిన మాట కూడా వెనక్కి తీసుకుంటాడు. మళ్ళా నాగప్పన్ మాదిరి ఇంకొకడు కాలతాడు. గెలిచింది పోగొట్టుకుందామా?"

"గెలుపా అది?" అన్నాడు నాగప్పన్. కాలిన చెంప బిగుసుకుపోయి అతని మాట ఒక పక్కకే వస్తుంది. అంతలో సైరను మోగింది. ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు పోయారు.

గోపాలస్వామికి కోపం కూడా రాలేదు. ఎన్ని మీటింగులు, ఎన్ని తీర్మానాలు, ఎన్ని దండలు! ఒళ్ళు ఇనుమైనట్టు బరువుగా ఉంది. ఇంటికి పోతే భార్య కనకవల్లి ఎప్పటిలాగే పెరటి దారిన రమ్మంటుంది, నెత్తిన నీళ్ళు పోసుకునేదాకా గడప తొక్కనివ్వదు. తనకు ఆ కాసేపు పెరట్లో నిలబడడమే ఎంత చిన్నతనమో! కాటయ్యను బతుకంతా అలాగే నిలబెట్టారు. నిలబెట్టినవాళ్ళలో తనూ ఒకడు. ఆ సాయంత్రం అతను ఇంటి దారి పట్టలేదు, లైన్లకు పోయాడు.

కాటయ్యను అప్పటికే మట్టి చేసి వచ్చారు. రేకుల గది ముందు అతని భార్య తంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కడిగి పెట్టిన గోకుడు రేకు. గోపాలస్వామి నోటికి అలవాటుగా అరవమే వచ్చింది. సగంలో ఆపి, "అమ్మా, నేను షెడ్డులో వెల్డర్ని" అన్నాడు తెలుగులో.

తంగమ్మ తలెత్తింది. "మాతో తెలుగు మాట్లాడతావా మేస్త్రీ నువ్వు? మా ఇంటాయన చెప్పేవాడులే. ఆ మేస్త్రీది మన మాటే, మనల్ని మాత్రం అరవంలోనే గసురుతాడని."

నిజమే. తెలుగులో పలకరిస్తే ఎక్కడ చనువు తీసుకుంటారోనని అతను ఇన్నేళ్ళూ వాళ్ళ దగ్గర అరవం చాటున దాక్కున్నాడు. కాటయ్య అది కనిపెట్టి, నవ్వుకుని, పెళ్ళానికి చెప్పుకున్నాడన్నమాట. గోపాలస్వామి తల వంచుకున్నాడు.

"ఫోర్‌మనయ్య మనిషిని పంపినాడు," అంది తంగమ్మ. "మొగుడి పని నాకిస్తారంట. రేపు పొద్దన్నే రావాలంట."

"ఏం పని?"

"ఏం పనేంది? అదే ట్యాంకు. ఆయన సగమే గదా గోకింది."

గోపాలస్వామి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "పోతావా?"

"పోకుంటే ఈ గది ఖాళీ చేయాల. పిల్లోళ్ళను యాడ పండబెట్టేది? శుభ్రం జేసినాకే దిగతామని మీరు పోరాడి గెలిచినారంట గదా మేస్త్రీ. శుభ్రం జేసినాకే దిగతామని మేం ఎవరికి చెప్పుకోవాల?"

గోపాలస్వామి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు.

పొద్దున్న అదే లారీ షెడ్డులోని రిపేరు గుంత మీద నిలబడి ఉంది. తంగమ్మ చీర ఎగ్గట్టుకుని, చేత బకెట్టుతో వచ్చింది. లైన్లలోని ఆడామగా ఆమె వెంట వచ్చి గేటు బయట ఆగిపోయారు. ఎందుకు వచ్చారో వాళ్ళకే తెలియదు, ఇంట్లో మాత్రం ఉండలేకపోయారు. ఆమె మొగుడి రేకును మణికట్టుకు కట్టుకుంటుంటే లేతు దగ్గర బాలసుందరం చూస్తూ నిలబడిపోయాడు. ఒంటి చేత్తో ముడి పడడం లేదు. పళ్ళతో లాగి బిగించింది.

గోపాలస్వామి నిచ్చెన ఎక్కాడు. వీరుడిలా ఏమీ ఎక్కలేదు. ఆగి ఆగి ఎక్కాడు. ట్యాంకు నెత్తిన తెరిచి ఉన్న ఇనుప మూతను లాగి మూసి, దాని మీద చతికిలబడ్డాడు.

"దిగవయ్యా, పని జరగాల," అన్నాడు పరంధామయ్య.

"జరగదు."

"ఏంది నీ గోల? నువ్వడిగినట్టే శుభ్రం చేయిస్తాండాం గదా!"

"నేను తప్పుగా అడిగినాను. ఇప్పుడు సరిగ్గా అడగతా, విను. బాయిలరు ఆవిరి గొట్టం పెట్టి కడగండి. కొలిమి ఫ్యాను తెచ్చి లోపలికి గాలి కొట్టండి. ఆనకే నేను దిగతా. అంతదాకా ఈ ట్యాంకులోకి ఎవురూ దిగరు. వెల్డరూ దిగడు, తంగమ్మా దిగదు."

"ఆమె నీకేమన్నా చుట్టమా?"

"ఔను, చుట్టమే," అన్నాడు గోపాలస్వామి విసుగ్గా.

నాగప్పన్ టార్చి కింద పెట్టి నిచ్చెన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పరంధామయ్య మిగతా వెల్డర్ల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. అంతలో లేతుల షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. అక్కడి మిషన్లన్నీ పైకప్పు కింద తిరిగే ఒకే షాఫ్టు మీద నడుస్తాయి. దాన్ని తిప్పే మోటారును బాలసుందరం ఆపేశాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "గేటు తీయండ్రా! వాళ్ళను లోపలికి రానీయండి!" అని కేకేశాడు.

గేటు తెరిచారు. లైన్ల జనం లోపలికి వచ్చారు, ముందు జంకుతూ, తర్వాత గబగబా. కొందరు టర్నర్లు వాళ్ళు తగలకుండా పక్కకు జరిగారు. ఒకడు చొక్కా తగిలించుకుని ఇంటికే పోయాడు. ఒక్క పూటలో మనుషులు మారిపోరు. కానీ గేటు మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. ఎండ నెత్తికెక్కేసరికి ఒకే కుండలో నీళ్ళు అటూ ఇటూ తిరగడం మొదలైంది. తాగనివాళ్ళు తాగలేదు, చాలామంది తాగారు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గోపాలస్వామిని రెక్కలు పట్టి దించారు. అతను పెనుగులాడలేదు, అంత ఓపిక లేదు. అతను లేచిన చోట నాగప్పన్ కూర్చున్నాడు. నాగప్పన్‌ను దించితే బాలసుందరం ఎక్కాడు. ముగ్గురినీ వ్యానులోకి తోసి, అయిపోయిందనుకుని ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. మూత మీద తంగమ్మ కూర్చుని ఉంది. నిచ్చెన నిండా, మడ్‌గార్డుల మీద, బానెట్టు మీద, ఎక్కడ చోటుంటే అక్కడ మనుషులు.

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం లెక్కలు వేసుకుని, ముందు ఈ ముగ్గురినీ స్టేషనుకు చేర్చి ఇంకా బలగంతో రావాలనుకున్నాడు. కానీ వ్యాను కదల్లేదు. డ్రైవరు ముందుకు పోయి హ్యాండిలు తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఇంతమంది మెకానిక్కులుండారు, ఒకడు రండయ్యా!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

కమ్మరి ఒకడు తాపీగా అన్నాడు. "శుభ్రం చేసి తీసుకురాండి సార్. శుభ్రం చెయ్యని బండిని మేం ముట్టం."

షెడ్డంతా నవ్వింది. లైన్లవాళ్ళు నవ్వారు, టర్నర్లు నవ్వారు, కాలిన చెంప నొప్పి పుడుతున్నా నాగప్పన్ నవ్వాడు. కాటయ్య చచ్చిపోయాక అక్కడ అదే మొదటి నవ్వు. చివరికి ముగ్గురినీ వ్యానులోంచి దించి, చేతులకు బేడీలేసి, నడిపించుకునే బయల్దేరారు. సగం జనం వాళ్ళ వెనక రోడ్డెక్కారు. సగం జనం లారీ చుట్టూ ఉండిపోయారు.

గోపాలస్వామికి కాళ్ళు లాగుతున్నాయి. ఈ కేసు ఎన్నాళ్ళు నడుస్తుందో, ఉద్యోగం ఉంటుందో పోతుందో, కనకవల్లికి ఏం చెప్పాలో ఏదీ తోచలేదు. గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. మూత మీద తంగమ్మ పక్కన ఎవరో ఒదిగి కూర్చున్నారు. కళ్ళు చికిలించి చూస్తే ముసలి ఫిట్టరు కృష్ణస్వామి.

"తంగమ్మా!" అని కేకేశాడు తెలుగులోనే, అందరికీ వినబడేలా. "ఏమైనా సరే, మూత దిగొద్దు!"

మణికట్టుకు కట్టుకున్న రేకును తంగమ్మ అప్పుడు విప్పింది. విప్పి కిందికి విసిరేసింది. అది గచ్చు మీద పడి ఖంగుమంది.

"నువ్వు పోయిరా అన్నా," అంది. మేస్త్రీ అనలేదు. "ఈడ మేముండాం."