పురుగు కొట్టిన తల్లి బిడ్డను

నేను ఒక ముల్లంగి గింజగా పుట్టాను. ఒళ్లు ఆవగింజకు అన్నయ్యంత, పొగరు గుమ్మడికాయంత. ఆ పొగరు మా అమ్మ ఇచ్చింది.

అమ్మ ఉండేది చేవెళ్ల పక్కన, బాలనర్సమ్మ కూరగాయల తోటలో, గట్టు వారన. లేత వయసులోనే పచ్చపురుగులు ఆమె ఆకులను జల్లెడ చేశాయి. అమ్మకు ఒళ్లు మండి, మిగిలిన ఆకుల నిండా ఘాటు నింపింది. అంతటితో ఊరుకుందా? మా లోపలి వంశపు రాతలో ఒక్క అక్షరమైనా మార్చకుండా, ఘాటు తయారీ రాసి ఉన్న పుటను మాత్రం మడిచి పంపింది. ముందు ఇది చదవండర్రా అని దాని అర్థం.

బాలనర్సమ్మకు ఇదంతా ఏం తెలుసు? విత్తనం ఏరడమంటే ఆవిడకు పెళ్లిచూపులే, రూపం బాగుండాలి. మచ్చలేని మొక్కల గింజలను బూడిద కలిపి మూటకట్టుకుంది. మమ్మల్ని చేటలో పోసి, "పురుగు కొట్టిన దాని గింజలు. కోళ్లకెయ్యి" అంది కోడలు స్వరూపతో. నాకు ప్రాణం పోయినంత పనయింది.

"ఆఖరి మడికి గింజలు తక్కువ పడ్డయి అత్తమ్మా. గివే ఏద్దాం" అంది స్వరూప. బతికిపోయాం.

మొలిచి ఆకు వేశామో లేదో, పురుగులు దిగాయి. అందగత్తెల మడుల్లో నాలుగు రోజుల్లో ఈనెలే మిగిలాయి. మా దగ్గరికి వచ్చినవి వాసన చూసి వెనక్కి మళ్లాయి. బాలనర్సమ్మ నా ఆకు తుంచి నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీ ఒక్క మడే మన ఇజ్జత్ కాపాడింది. వచ్చే యేడు ఇత్తనం దీనిదే" అంది.

పురుగును తరమడానికి చేసుకున్న ఘాటును ఈ మనుషులు కమ్మగా ఉందని పప్పులో వేసుకుంటారు. వీళ్లకేం చెబుతాం.

విత్తనానికని నన్నూ మరో నలుగురినీ ఉంచి, మిగతావాళ్లను సంతకు పంపింది. పైగా ప్రేమ ముదిరి, ఒక్క పురుగూ వాలకుండా మా మీద పాత చీర కప్పింది. కొంప మునిగింది. అమ్మ పెట్టిన మడత నా వరకే. నాకూ ఓ పంటి గాటు పడితేనే అది పిల్లలకు వెళ్తుంది. లేదంటే వాళ్లు అందంగా పుట్టి, వచ్చే యేడు పురుగుల పాలవుతారు.

పూత వచ్చింది. ఒక్క పురుగూ లేదు. చివరికి ఓ రోజు పొద్దున, చీర చిరుగులోంచి బియ్యపు గింజంత పురుగొకటి నా మీద పడింది. ఆకలి మీదుందేమో, ఘాటును కూడా లెక్కచేయక కొరికింది. మంటకు ప్రాణం లేచి వచ్చింది. ఎంత సంతోషమో.

"తీసెయ్యవే, ఇత్తనం ఖరాబైతది" అంది బాలనర్సమ్మ.

స్వరూప చెయ్యి చాచి ఆగింది. "దీన్ని కన్న అవ్వను గూడ పురుగే కొట్టింది గద అత్తమ్మా."

బాలనర్సమ్మ వంగి, నా మీది గాటును వేలితో తడిమింది. తర్వాత చీర లాగి, దులిపి, భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇక నన్ను పలకరించకండి, పనిలో ఉన్నాను. ఒక్కో కాయలో ఆరుగురు పిల్లలు. అందరికీ పుట మడవాలి.